పేరు ముందా, పళ్లెం ముందా?



కొన్ని వారాల క్రితం ఆరాధన అయ్యాక టీ దగ్గర ఒక తమ్ముడు తన ఫోన్ నా చేతికిచ్చాడు. అమెరికాలో, టెనెస్సీలో ఉంటున్న వాళ్ల బావ పంపిన ఫొటోలు. బురదలో మూడు వేళ్ల అడుగులు, ఎండుటాకులు గీకిన జాడలు, తెల్లవారే మసక వెలుతురులో తోక విప్పుకొని నిలబడ్డ ఒక అడవి టర్కీ కోడి. మనకు ఇక్కడ ఎండలు తగ్గుతుంటే వాళ్లకు వసంతం వస్తుంది కదా. ఆ వసంతంలో టర్కీ వేటకు అనుమతి ఉంటుంది. దానికి ముందు కొన్ని వారాల పాటు తుపాకీ లేకుండా వెళ్లి, అవి ఏ చెట్టు మీద నిద్రపోతున్నాయి, ఎన్నింటికి దిగుతున్నాయి, ఎటు మేతకు పోతున్నాయి అని చూసుకుని వస్తారట. "బావ రమ్మంటున్నాడన్నా. క్రైస్తవుడు వేటకు వెళ్లొచ్చా?" అని అడిగాడు.

మీరైతే ఏం చెబుతారు?

"పాపం" అని చెప్పడానికి నా దగ్గర వాక్యం లేదు. జలప్రళయం తర్వాత దేవుడు నోవహుకు ప్రాణముగల వాటిని ఆహారంగా ఇచ్చాడు. ఇస్సాకుకు ఏశావు తెచ్చే వేటమాంసం ఇష్టం. సొలొమోను భోజనపు బల్ల మీద దుప్పులు, జింకలు, కొవ్విన పక్షులు ఉండేవి. అలాగని "వెళ్లిరా తమ్ముడూ, ఏం ఫరవాలేదు" అనడానికీ నోరు రాలేదు. ఆ రాత్రంతా ఆలోచిస్తుంటే నాకు గుర్తొచ్చింది బైబిల్లో పక్షి కాదు, మన క్వీన్స్‌లాండ్ పక్షి.

ఈ దేశంలో టర్కీ అని పిలిచే పక్షులు రెండున్నాయి, రెండూ అసలు టర్కీలు కావు. బ్రిస్బేన్, సిడ్నీలలో మన పెరట్లోకి వచ్చి మొక్కల మొదళ్లు తవ్విపోసేది బ్రష్ టర్కీ. దాని సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రెండోది ఊళ్లకు దూరంగా గడ్డిమైదానాల్లో తిరిగే పెద్ద పక్షి. ప్లెయిన్స్ టర్కీ అనీ, బుష్ టర్కీ అనీ అంటారు. దాని అసలు పేరు ఆస్ట్రేలియన్ బస్టర్డ్. పొడుగు మెడ, నెత్తిన నల్ల టోపీ, గడ్డం పైకెత్తి ఎవరినీ లెక్కచేయనట్టుండే నడక. మగపక్షి ఆడపక్షి కోసం మెడ కింద సంచిని ఊదుకుని, అది దాదాపు నేలకు వేలాడేట్టు చేసుకుని గంభీరంగా ధ్వని చేస్తుంది. పిట్జంట్జట్జర భాష మాట్లాడేవాళ్లు దాన్ని కిపర అంటారు, వార్ల్‌పిరి వాళ్లు వార్దిల్యక అంటారు.

1770 మే నెలలో కెప్టెన్ జేమ్స్ కుక్ మనుషులు ఇప్పటి క్వీన్స్‌లాండ్ తీరంలో మొదటిసారి దిగారు. అక్కడ ఈ పక్షుల్లో ఒకదాన్ని కాల్చారు. పదిహేడున్నర పౌన్లు, అంటే సుమారు ఎనిమిది కిలోలు తూగింది. వండుకుని తిన్నారు. ఇంగ్లండ్ వదిలాక ఇంత మంచి పక్షిని తినలేదని అందరూ ఒప్పుకున్నారు. ఆ రుచికి గౌరవంగా ఆ చోటికి బస్టర్డ్ బే అని పేరు పెట్టారు. ఇప్పుడక్కడ సెవెంటీన్ సెవెంటీ అనే చిన్న ఊరుంది, సెలవులకు మనవాళ్లు కూడా వెళ్తుంటారు. ఆ రోజు ఒడ్డుకు దిగినవాళ్లకు మనుషులు కనబడలేదు గానీ, ఇంకా ఆరని మంటలు, పక్కన తిని పడేసిన గుల్లలు కనబడ్డాయి. అది గూరెంగ్ గూరెంగ్ ప్రజల నేల. ఆ తీరానికీ ఆ పక్షికీ అప్పటికే పేర్లున్నాయి. అడగడానికి ఎవరూ ఆగలేదు.

ఆదికాండం రెండో అధ్యాయం తీసి చూడండి. దేవుడు భూజంతువులను, ఆకాశపక్షులను ఆదాము దగ్గరికి రప్పించి, వాటికి ఏ పేరు పెడతాడో అని చూశాడు. మాంసాహారానికి అనుమతి వచ్చేది తొమ్మిదో అధ్యాయంలో. అంటే పేరు ముందు, పళ్లెం చాలా తర్వాత. పేరు పెట్టాలంటే దాని ముందు నిలబడాలి, దాని నడక, అరుపు, రంగు గమనించాలి. కుక్ ఓడలో ఈ వరస తలకిందులైంది. ముందు తుపాకీ, తర్వాత పళ్లెం, ఆఖరున పేరు. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. నెలల తరబడి ఉప్పులో ఊరబెట్టిన మాంసం తిన్న నావికులకు తాజా మాంసం దొరికితే మనమూ అదే చేసి ఉండేవాళ్లం. అందుకే ఆ కథ నన్ను వదలడం లేదు.

ధర్మశాస్త్రం వేటను ఆపలేదు గానీ, వేటగాడిని ఒక క్షణం ఆపింది. లేవీయకాండం 17:13 చూడండి. తినదగిన మృగాన్ని గానీ పక్షిని గానీ వేటాడి పట్టినవాడు దాని రక్తాన్ని నేల మీద ఒలికించి మట్టితో కప్పాలి. చేతిలో మాంసం ఉంది, ఆకలిగా ఉంది, అయినా వంగి మట్టి తీయాలి. ఆ మాట ఇశ్రాయేలీయులకే కాదు, వారి మధ్య నివసించే పరదేశులకు కూడా వర్తిస్తుంది. పరదేశులం కాబట్టి మనం అది కొంచెం శ్రద్ధగా చదవాలేమో. ద్వితీయోపదేశకాండం 22లో గూటి సంగతి ఉంది. దారిలో పక్షి గూడు కనబడితే పిల్లల్ని తీసుకోవచ్చు గానీ తల్లిని విడిచిపెట్టాలి. చిత్రమేమిటంటే, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వసంతకాలపు టర్కీ వేటలో గడ్డంలాంటి ఈకల కుచ్చు ఉన్న పక్షిని, అంటే దాదాపుగా మగదాన్నే, కొట్టాలి. ఆ రోజుల్లో ఆడపక్షులు గూడు కడుతుంటాయి గనుక.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ అడవి టర్కీ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1937లో వచ్చిన చట్టం వేట తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్నును వన్యప్రాణుల కోసం కేటాయించింది. పక్షులను పట్టి వేరే అడవుల్లో వదిలారు. ఇప్పుడవి అలాస్కా తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ ఖర్చులో పెద్ద భాగం వేటగాళ్లు పెట్టిందే.

మన వైపు చూడండి. ఈ ఆస్ట్రేలియా పక్షికి సొంత చుట్టం మన కర్నూలు సీమలో ఉండేది. బట్టమేక పిట్ట. దాని కోసమే నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. సలీం అలీ గారు దాన్ని జాతీయ పక్షిగా చేయమని అడిగారు, 1963లో ఆ స్థానం నెమలికి దక్కింది. ఇప్పుడు దేశం మొత్తం మీద ఆ పక్షులు నూట యాభైకి మించి లేవంటారు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. రోళ్ళపాడులో కృష్ణజింకలు కనబడతాయి గానీ బట్టమేక కనబడడం దాదాపు లేదు. ఒకప్పుడు వేట దాన్ని తగ్గించిన మాట నిజమే. 1972 చట్టంతో వేట నేరమైంది, అయినా పక్షి తగ్గుతూనే వచ్చింది. మెట్ట గడ్డినేల పొలాలైంది. రాజస్థాన్‌లో కరెంటు తీగలకు తగిలి చనిపోతున్నాయి. దానికి పక్కలు బాగా కనబడతాయి, ఎదురుగా సరిగా కనబడదు. బరువైన శరీరం, చివరి క్షణంలో తప్పుకోలేదు. ఆ తీగల గురించి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ గడ్డిని దున్నినవాడు గానీ, ఆ తీగతో దీపం వెలిగించుకున్నవాడు గానీ ఆ పక్షి మీద కోపంతో చేయలేదు. అక్కడ ఒక పక్షి ఉందని వాళ్లకు తెలియనే తెలియదు.

ఇక మన సంగతి. ప్రతి శనివారం సూపర్‌మార్కెట్‌లో రెండు కిలోల చికెన్ ట్రాలీలో వేసుకుంటాను. ఆదివారం సహవాస భోజనానికి బిర్యానీ. ఆ కోడి ఎక్కడ పెరిగిందో, ఎన్ని వారాలు బ్రతికిందో ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఒక పక్షి ఏ కొమ్మ మీద నిద్రపోతుందో తెలుసుకోవడానికి చీకట్లో లేచే మనిషిని నేను తీర్పు తీర్చబోయాను. ఆకాశపక్షులను చూడమని ప్రభువు చెప్పిన మాట వాడుతున్నది ఆయనా, నేనా?

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "ఏప్రిల్ వేట సంగతి నీ మనస్సాక్షికి వదిలేస్తున్నాను. కానీ నువ్వు వెళ్లేట్టయితే వేట మొదలయ్యే ముందే వెళ్లు. బావతో పాటు చీకట్లో కూర్చో. ఆ తర్వాత కూడా తుపాకీ పట్టుకోగలిగితే, మట్టి సంగతి మర్చిపోకు." కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి చికెన్ సంగతి అన్నా?" అన్నాడు. నవ్వాను గానీ జవాబు చెప్పలేకపోయాను.

టికెట్ ఇంకా కొనలేదు. పోయిన ఆదివారం చర్చి కార్ పార్కింగ్ పక్కన ఒక బ్రష్ టర్కీ ఆకులు గీకి వెనక్కి విసురుతుంటే సండే స్కూల్ పిల్లలు తరమబోయారు. తమ్ముడు వాళ్లను ఆపి, తనూ కింద కూర్చున్నాడు. బిర్యానీ చల్లారిపోతోందని లోపలి నుంచి అక్కలు పిలుస్తూనే ఉన్నారు.