చెవుల్లేని గురువు

నాకు నమకం నేర్పింది టేప్‌రికార్డరు. ఇంట్లో ఘనపాఠి తాతయ్య ఉండగా ఈ మాట వింతగా ఉంటుంది గాని, ఆడపిల్లకు వేదం సంత చెప్పడమన్నది మా కోనసీమ అగ్రహారంలో ఊహకైనా అందని సంగతి. అన్నయ్య అరుగు మీద తాతయ్య ఎదురుగా కూర్చునేవాడు. ఆయన ఒకసారి అంటే వాడు రెండుసార్లు అనాలి. స్వరం జారితే తాతయ్య నోరెత్తేవారు కాదు, చూపుడువేలు ఎత్తేవారు. వాడు మళ్లీ మొదటికి వెళ్లేవాడు. నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వినేదాన్ని. వినకూడదని ఎవరూ అనలేదు, నోటితో అనకూడదని మాత్రం అన్నారు. ఆ వేలికి జడిసో ఏమో, అన్నయ్య సంత మధ్యలో వదిలేసి పాలిటెక్నిక్‌లో చేరాడు.

రాత ఆసరా లేకుండా అంత గ్రంథాన్ని చెడిపోకుండా తరాలు దాటించడానికి పెద్దలు పన్నిన ఉపాయం తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఘనలో పదాల వరస ఇలా నడుస్తుంది: ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. తరవాత రెండో పదం నుంచి మళ్లీ ఇదే మెలిక. ఒక్క పదం జారినా పక్కవాడి చెవికి ఇట్టే పట్టుబడుతుంది. ఇలా కాపాడుకున్నవాళ్లకు పుస్తకమంటే చిన్నచూపు ఉండదా? పాణినీయ శిక్ష ఆరుగురు అధమ పాఠకుల్ని లెక్కపెట్టి, రాసింది చూసి చదివేవాణ్ని కూడా అందులో చేర్చింది. తల ఊపుతూ చదివేవాడూ ఆ ఆరుగురిలో ఉన్నాడు. అన్నయ్య తల ఆగేది కాదు, అదలా ఉంచండి.

అచ్చు వచ్చింది. 1849 నుంచి 1874 దాకా మాక్స్ ముల్లర్ ఇంగ్లండులో కూర్చుని సాయణభాష్యంతో సహా ఋగ్వేదాన్ని ఆరు సంపుటాలుగా తెచ్చాడు. గురువు ముందు కూర్చోకుండానే ఎవరైనా తెరిచి చూడవచ్చు. కాని మా ఇళ్లలో ఉండే వేదపుస్తకాల్లో అక్షరం కింద అడ్డగీత ఉంటే అనుదాత్తం, నెత్తిన నిలువుగీత ఉంటే స్వరితం. గొంతు ఎంత దించాలో, ఎంత లేపాలో గీత చూస్తే తెలియదు.

టేపు ఆ లోటు తీర్చింది. స్వరం, మాత్ర, ఊపిరి ఎక్కడ ఆపాలో అన్నీ అందులో ఉన్నాయి. పుస్తకం మీద చెప్పిన అభ్యంతరం దీనికి అంటదు. మీమాంసకుల్ని అడిగితే శబ్దం నిత్యం అంటారు. మనం పలికితే అది పుట్టదు, వ్యక్తమవుతుందంతే. వేదానికి కర్తే లేడు. అలాంటప్పుడు దాన్ని వ్యక్తం చేసేది గొంతయితేనేం, స్పీకరయితేనేం? నైయాయికులు ఒప్పుకోరు. శబ్దం పుట్టి పోయేదే, మాటకు ప్రామాణ్యం చెప్పినవాడి ఆప్తత వల్ల వస్తుందంటారు. వాళ్లయితే టేపులో పలికినవాడు ఎవడని ఆరా తీసేవారు. తాతయ్య ఈ రెండు దారులూ తొక్కలేదు. అన్నయ్య అడిగితే ఒకటే అన్నారు: "అది చెబుతుందిరా, వినదు."

ప్లేటో రాసిన ఫీడ్రస్‌లో సోక్రటీసు గొడవా ఇదే. రాసిన మాటను ఏమడిగినా చెప్పిందే చెబుతుంది. పైగా ఎవరి చేతిలో పడాలో, ఎవరి చేతిలో పడకూడదో దానికి తెలియదు. ఈ ఫిర్యాదు మనదాకా వచ్చింది ప్లేటో రాసిపెట్టబట్టే, అది వేరే సంగతి. ఆయన లోపంగా చూపిన ఆ రెండోదే నాకు దారి ఇచ్చింది. టేపు నన్ను ఆడా మగా అని అడగలేదు. బయట చేరావా అనీ అడగలేదు. పదకొండు అనువాకాలూ ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోలేదు. అది వినదు కనక నన్ను రానిచ్చింది, వినదు కనకే నా తప్పుల్నీ అలాగే ఉండనిచ్చింది.

1963లో ఫిలిప్స్ వాళ్లు క్యాసెట్టు తెచ్చారు. అదే ఏడు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో వేంకటేశ సుప్రభాతం రికార్డయింది. సన్నిధిలో కొద్దిమంది చెవిన పడే పాట కాఫీ హోటళ్లకూ ఆర్టీసీ బస్సులకూ ఎక్కింది, అదీ ఒక స్త్రీ గొంతులో. మా అగ్రహారంలో ఎవరూ కిక్కురుమనలేదు. స్తోత్రం కదా, పరవాలేదన్నారు. ధనుర్మాసంలో స్వామిని మేలుకొలిపేది ఎలాగూ గోదాదేవి తిరుప్పావే. గీత గీసింది వేదం దగ్గరే.

ఇప్పుడు వినే సాధనమూ వచ్చింది. అన్నయ్య మనవరాలు డాలస్‌లో వీడియో కాల్‌లో స్తోత్రాలు నేర్చుకుంటోంది. గొంతులు ఒకదాని వెనక ఒకటి ఆలస్యంగా చేరతాయి కనక అందరూ కలిసి చదవడం కుదరదు. మిగతావాళ్లు మ్యూట్‌లో ఉంటే, గురువుగారు ఒక్కొక్కరి చేతా అనిపించి దిద్దుతారు. తాతయ్య వేలు మళ్లీ లేచిందన్నమాట. ఇది మేలేనని నా నమ్మకం. అయితే అదే పిల్ల రుద్రం క్లాసులో చేరదామని చూస్తే, ఫారంలో ఉపనయనం అయిందా అని ఒక గడి ఉందట. వినే చెవి వచ్చేసరికి గుమ్మం దగ్గర ప్రశ్నా దాంతోపాటే వచ్చింది. అయినా అది బెంగపడలేదు. "యూట్యూబ్‌లో ఉందిగా మామ్మా" అంది. ఉంది. తప్పులు ఎవరు దిద్దుతారే అన్నాను. "నువ్వు" అంది. నేను పలికేది సరిగ్గా ఉందని నాకెవరు చెప్పారు?