పాత మడ్డి, క్రొత్త గేర్‌బాక్సు



క్షమించిన తరువాత జాగ్రత్తపడుట అపనమ్మకమగునా? ఈ ప్రశ్న మన సంఘస్థుడొకడు మమ్మును అడిగెను. అతడు త్రాగుడు మాని ప్రభువు బల్లయొద్దకు తిరిగి వచ్చినవాడు. అయినను కొంతకాలము కూలి డబ్బు భార్య చేతికే ఇయ్యవలెనని పెద్దలు నిర్ణయించిరి. "అయ్యగారూ, దేవుడు క్షమించాడు, మీరూ క్షమించారు. ఇంకా ఈ కాపలా ఎందుకండీ?" అని అతడు కంట తడి పెట్టుకొనెను. ఆ దినమున మాకు జవాబు తోచలేదు.

ఆ జవాబు నరసరావుపేటలోని ఒక మెకానిక్ షెడ్డులో దొరికినది. మా స్నేహితునికి ఆటోమేటిక్ గేర్ల కారు ఒకటి కలదు. దాని గేర్‌బాక్సు పాడుకాగా, వేరొకచోట చాల సొమ్ము పోసి క్రొత్తది వేయించెను. కొన్ని నెలలకే అదియు చెడెను. "పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము లోపలికి పోయినదేమో" అంటిమి. మేస్త్రీ నవ్వి, "బయటి దుమ్ము కాదు అయ్యగారూ, లోపల పుట్టిందే" అనెను.

అతడు చెప్పిన సంగతి ఇది. అట్టి గేర్‌బాక్సులో నూనె కందెనగా మాత్రమే గాక, గేర్లు మార్చు బలముగాను పనిచేయును. తిరిగి తిరిగి అది వేడెక్కును. మన రెంటచింతల ఎండలలోనైతే చెప్పనక్కర లేదు. ఆ వేడి తీయుటకై నూనె ఒక గొట్టము ద్వారా కూలరుకు పోయి, చల్లబడి, మరియొక గొట్టము ద్వారా తిరిగి వచ్చును. పాత గేర్‌బాక్సు అరిగినప్పుడు రాలిన ఇనుప రజను, క్లచ్చి పలకల పొడి నూనెతో పోయి కూలరు సన్నని దారులలో పేరుకొనును. కడిగినను కొంత మిగులును. గేర్‌బాక్సు క్రొత్తదైనను కూలరు పాతదే గనుక, ఆ మడ్డి కొంచెము కొంచెముగా క్రొత్తదానిలోనికి తిరిగివచ్చి దానిని చెరుపును.

కాబట్టి ఈ మారు మేస్త్రీ, నూనె తిరిగివచ్చు గొట్టమును కోసి, నడుమ చిన్న ఫిల్టరొకటి అమర్చి, రెండువైపుల క్లిప్పులు బిగించెను. దానిమీది బాణపు గుర్తు గేర్‌బాక్సు వైపునకు ఉండవలెను. లోపలి అయస్కాంతము ఇనుప రజను పట్టును. క్లచ్చి పొడిని అయస్కాంతము పట్టదు గనుక దానికి జల్లెడ వంటి పొర కలదు.

ప్రియులారా, ఆ ఫిల్టరు క్రొత్త గేర్‌బాక్సును అవమానించుట కాదు. పాత దారులలో ఏమి మిగిలియున్నదో ఎరిగి, క్రొత్తదానిని కాపాడుట. మనుష్యుని అపవిత్రపరచునది వెలుపలినుండి గాక హృదయములోనుండియే వచ్చునని ప్రభువు బోధించెను (మార్కు 7). క్షమాపణ ఒక్క క్షణములో కలుగును. కాని పాత స్నేహములు, పాత సాయంకాలములు, కల్లు దుకాణము వైపు నడచిన పాత అడుగులు ఆ క్షణములోనే మాసిపోవు. పేతురును ప్రభువు త్రోసివేయలేదు. తన గొఱ్ఱెలనే అతనికి అప్పగించెను. అయినను ప్రేమను గూర్చి మూడుసార్లు అడిగెను. పేతురు నొచ్చుకొనెను (యోహాను 21). ఆ నొప్పి శిక్ష కాదు.

అయితే మేస్త్రీ మరియొక మాట కూడ చెప్పెను. ఫిల్టరు మడ్డితో నిండినప్పుడు మార్చనియెడల నూనె పారుట తగ్గును. నూనె అందక గేర్‌బాక్సు కాలిపోవును. కొన్ని ఫిల్టర్లలో దీనికై ఒక ప్రక్క ద్వారముండును. పొర మూసుకొనిపోయినప్పుడు నూనె వడగట్టబడకయే దాని గుండా పోవును. మురికి నూనెయైనను మేలు గాని, అసలే నూనె లేకుండుట నాశనమని ఆ యంత్రము చేసినవారు ఎరుగుదురు. సంఘపెద్దలారా, దీనిని మరువకుడి. మన జాగ్రత్త ప్రేమ పారకుండ అడ్డుకొనునంత బిగిసినయెడల, ఆ సహోదరుని కాపాడుచున్నామనుకొనుచు మనమే చంపుదుము. కాపలాకు గడువుండవలెను.

ఇంతకును, ఫిల్టరు అతనికొక్కనికేనా? కానుక సొమ్ము ఇద్దరు కలిసి లెక్కింపవలెనని పెద్దలు అడిగినప్పుడు మేము లోలోపల నొచ్చుకొంటిమి. "మా మీదనే అనుమానమా?" అనుకొంటిమి. పౌలు అంతటివాడు చందా సొమ్ము విషయములో తనపై నింద రాకుండునట్లు ఇతరులను వెంట పంపెను (2 కొరింథీ 8). మేము ఆయనకంటె శుద్ధులమా?

ఆ సహోదరుని ఇంటికి పోయి ఇదంతయు చెప్పితిమి. మా లెక్క సంగతియు దాచలేదు. అతడు చాలసేపు మౌనముగా ఉండి, "అయితే మీకూ ఒకటి బిగించారన్నమాట అయ్యగారూ" అనెను. ఇద్దరమును నవ్వితిమి. అటుపిమ్మట కాపలాకు గడువు ఎంతయో పెద్దలతో కూర్చుండి అతడే మాటలాడుకొనెను.

క్షమించు హృదయమును, కాపాడు వివేకమును ప్రభువు మనకు కలిపి అనుగ్రహించును గాక. ఆమేన్.