పాలు అడిగిన పిల్లాడు ఇంద్రుణ్ణి ఎందుకు వద్దన్నాడు?



ఈ వారం వీడియోలో పాలకొల్లు క్షీరారామం చూశారు కదా. అమరావతి, ద్రాక్షారామం, భీమవరం, సామర్లకోటతో కలిపి పంచారామాల్లో ఇదొకటి. తొమ్మిది అంతస్తుల గాలిగోపురం, పాలరంగు శివలింగం అన్నీ చూపించాం. ఒక్క మాట మాత్రం కెమెరా ముందు నోరు రాక వదిలేశాను. అది ఇక్కడ రాస్తున్నా.

కిందటేడు నా ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు ఖాళీ. ఈఎంఐ ఆగదు. ఏ ఇంటర్వ్యూకి వెళ్ళినా మొదటి ప్రశ్న ఆ గ్యాప్ గురించే. అప్పుడు ఒకాయన మెసేజ్ పెట్టాడు: "ఎక్స్‌పీరియన్స్ లెటర్, పే స్లిప్పులు మేం ఇప్పిస్తాం తమ్ముడూ. అందరూ చేసేదే."

కార్తీక సోమవారం, క్షీరారామంలో దర్శనం లైన్లో నిలబడి "ఓకే" అని టైప్ చేశాను. చెరిపాను. మళ్ళీ టైప్ చేశాను.

నా వెనకాల ఒక పెద్దావిడ మనవడికి ఉపమన్యుడి కథ చెబుతున్నారు. మహాభారతం అనుశాసనిక పర్వంలో ఉంది ఆ కథ. స్వయంగా ఉపమన్యుడే శ్రీకృష్ణుడికి చెప్పుకుంటాడు. పాలు కావాలని ఏడిస్తే తల్లి పిండి కలిపిన నీళ్ళు ఇచ్చింది. ఇవి పాలు కావమ్మా అన్నాడు. అడవిలో ఉండేవాళ్ళకి పాలెక్కడివి, శివుడే ఇవ్వాలి అంది. తపస్సుకి కూర్చున్నాడు. శివుడు ఇంద్రుడి వేషంలో వచ్చి, ఏం కావాలో కోరుకోమన్నాడు. శివుడు పురుగుగా పుట్టమన్నా పుడతాను కానీ, నువ్వు మూడు లోకాలిచ్చినా వద్దన్నాడు ఉపమన్యుడు.

మనవడు అడిగాడు: "పాలు ఎవరిచ్చినా పాలేగా నాయనమ్మా?"

"పాలు పాలే నాన్నా. తాగాక ఇచ్చినోడి మాట వినాలిగా!"

నా వేలు అక్కడే ఆగిపోయింది.

చూడండి, పాలు అడగడం తప్పు కాదు. ఉద్యోగం కోరుకోవడమూ తప్పు కాదు. ప్రలోభం ఎప్పుడూ చెడ్డ వస్తువుతో రాదు. మనకి నిజంగా అవసరమైనదాన్నే తప్పుడు చేత్తో అందిస్తుంది. ఆ లెటర్ తీసుకుంటే నేను రోజూ మొక్కాల్సింది శివుడికి కాదు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అనే భయానికి.

ఇదే మాట ఒక క్రైస్తవ స్నేహితుడితో అంటే, బైబిల్లోనూ ఇలాంటి ఘట్టం ఉందన్నాడు. ఏసు 40 రోజుల ఉపవాసం చేసి ఆకలితో ఉంటే, రాళ్ళని రొట్టెలు చేసుకోమన్నాడు సాతాను. రొట్టెలో పాపం లేదు. ఎవరి మాట విని తినాలన్నదే పరీక్ష. ఆయన వినలేదు.

ఆయనకి "వద్దండీ" అని రిప్లై పెట్టి గర్భగుడిలోకి వెళ్ళాను. మర్నాడే అద్భుతమేం జరగలేదు. ఇంకో రెండు నెలలు పట్టింది. గ్యాప్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాను, జీతం పాతదానికన్నా తక్కువే వచ్చింది. కానీ రాత్రి నిద్ర పడుతోంది.

మీ ఫోన్లోనూ అలాంటి మెసేజ్ ఒకటి ఉండొచ్చు. జవాబిచ్చే ముందు ఒక్కటే అడగండి: ఇది తీసుకున్నాక నేను ఎవరి మాట వినాలి?

ఓం నమః శివాయ.