కంటికి కనిపించని పొరుగువాడు



వర్షాకాలంలో గోస్తనీ నది భీమునిపట్నం వద్ద సముద్రంలో కలిసేచోట నిలబడి ఎప్పుడైనా చూశారా? నీరు ఎర్రగా, మట్టిమట్టిగా కనిపిస్తుంది. ఆ మట్టి అంతా భీమిలిది కాదు. గోస్తనీ అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా క్రిందికి దిగి వస్తుంది. కొంత మట్టి తాటిపూడి జలాశయంలో పేరుకుంటుంది. మిగిలినది సముద్రం చేరుతుంది. కొండమీద చెట్టు కూలితే ఆ కబురు జాలరి వలదాకా వెళుతుందన్నమాట.

కొన్నేళ్ళ క్రితం అరకులోయలోని ఒక పల్లెలో ఈ సంగతి చెప్పి, పోడు వ్యవసాయాన్ని ప్రసంగంలో గట్టిగా మందలించాను. పూజ ముగిశాక ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చాడు. "ఫాదరు బాబూ, చోడి పండించుకోడానికి మేము కొండ నరికితే పాపమన్నారు. పట్నంలో రాత్రంతా దీపాలు ఎలుగుతాయి గదా, ఆళ్ళకెవరు చెప్తారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ ప్రశ్న ఈరోజుకీ నన్ను వదలలేదు.

ఆ దీపాల వెలుగు ఎక్కడినుండి వస్తుంది? అందులో చాలా భాగం బొగ్గు మండించగా వచ్చినదే. బొగ్గు, పెట్రోలు మండిన పొగ వల్ల భూమి వేడెక్కుతోంది. ఆ వేడికి ధ్రువాల మంచు కరుగుతోంది. అక్కడ కూడా జరుగుతున్నది గోస్తనీ ముఖద్వారంలో మనం చూసినటువంటిదే. మంచునదులు వెనక్కి తగ్గినకొద్దీ, కరిగిన నీరు మెత్తని మట్టిని మోసుకొని సముద్రంలోకి దిగుతుంది. అంటార్కిటికా చెంత కింగ్ జార్జ్ దీవిలో పాటర్ కోవ్ అనే చిన్న అఖాతం ఉంది. శాస్త్రజ్ఞులు 1994, 1998, 2010 సంవత్సరాలలో దాని అడుగుభాగాన్ని పరిశీలించి పోల్చిచూశారు. రాళ్ళకు అంటుకొని నీటిని వడకట్టుకొని బ్రతికే సంచుల వంటి జీవులు మొదట అక్కడ విస్తారంగా ఉండేవి. మట్టి పెరిగిన తరువాత అవి బాగా తగ్గిపోయాయి. అదే తీరంలో 2003-2012 మధ్య క్రిల్ అనే చిన్న రొయ్యవంటి ప్రాణులు గుంపులుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. వాటి కడుపులలో కనిపించినది మట్టి రేణువులు. పెంగ్విన్లు, సీళ్ళు, తిమింగలాలు ఈ క్రిల్ మీదనే ఆధారపడి బ్రతుకుతాయి.

"అక్కడెక్కడో పురుగు చస్తే మనకు పాపమా ఫాదర్?" అని మీరు అడగవచ్చు. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, మనిషి కంటపడని ఆ ప్రాణికి విలువ ఉన్నదా? పునీత తోమాసు అక్వినాసు వారు దీనికి ఎన్నడో సమాధానమిచ్చారు. దేవుని మంచితనాన్ని ఏ ఒక్క ప్రాణీ తానొక్కటిగా చూపలేదు కనుకనే, ఆయన ఇన్ని రకాల ప్రాణులను చేశాడని వారి బోధ. అట్లయితే కడలి అడుగున చీకటిలో ఉన్న జీవి కూడా సృష్టికర్తను గూర్చి మరెవరూ చెప్పలేని ఒక మాట చెబుతోంది. మనకు ఉపయోగపడటం ఒక్కటే దాని విలువకు కొలత కాదు.

రెండవది, తప్పు ఎవరిది? అందరూ పాలు పోస్తారులే అని ఒక్కొక్కరూ చెంబుడు నీళ్ళు పోసిన కథ మీకు తెలుసు. తెల్లవారి చూస్తే తొట్టి నిండా నీళ్ళే. తప్పును పదిమంది పంచుకున్నంత మాత్రాన అది మాయమైపోదు. అయితే అందరి వాటా సమానమూ కాదు. తెలియక చేసినవానికీ, తెలిసి చేసినవానికీ శ్రీసభ నీతిశాస్త్రం తేడా చూపుతుంది. గత్యంతరం లేక చేసినవాడూ, సౌఖ్యం కోసం చేసినవాడూ ఒక్కటి కారు. కట్టెల పొయ్యి మీద అంబలి కాచుకునే తల్లికీ, ఎవరూ లేని గదిలో ఏసీ వదిలివేసే మనకూ ఒకే తక్కెడ పెట్టడం అన్యాయం. ఆనాడు నేను చేసిన పొరపాటు ఇదే. తక్కువ వాటా ఉన్నవానిని ముందు మందలించాను.

మంచి సమరీయుని కథలో యాజకుడు, లేవీయుడు గాయపడినవానిని చూచికూడా ప్రక్కగా వెళ్ళిపోయారు. మనకు ఈనాడు ధ్రువాల సంగతి చూపించినవారున్నారు. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు 'లౌదాతో సీ' విశ్వలేఖ వ్రాశారు. దానికి పదేళ్ళు నిండిన సందర్భంగా 2025 అక్టోబరులో పోపు పద్నాలుగవ లియో గారు గ్రీన్‌లాండ్ నుండి తెచ్చిన మంచుగడ్డపై చేయి ఉంచి ఆశీర్వదించారు. ఇక "నాకు తెలియదు" అని తప్పించుకొనే వీలు మనకు లేదు.

"నా ఇంట్లో ఒక దీపం ఆర్పితే ధ్రువాల మంచు ఆగుతుందా?" ఆగదు. ఈ మాట నిజాయితీగా ఒప్పుకుందాం. కాని ఫలితం చిన్నదని న్యాయాన్ని వదిలివేయము కదా! అప్పులో మన వాటా పది రూపాయలే అయినా, అది మనం తీర్చవలసినదే. విచారణ పండుగకు రాత్రంతా వెలిగే సీరియలు లైట్లు, పెళ్ళి జనరేటరు, పక్క వీధికి కూడా మోటారు సైకిలు, ఇవి పాపసంకీర్తనానికి ముందు మనం చేసుకునే ఆత్మశోధనలోకి రావాలి. అధికారంలో ఉన్నవారిని అడగవలసినది అడగటం కూడా మన వాటాలోనిదే. ఇక కొండమీది సోదరులను మందలించే బదులు, కాఫీ తోటకు నీడనిచ్చే చెట్లు పెంచడానికీ, వాలులో మట్టి జారకుండా రాతికట్టలు వేయడానికీ వారితోపాటు చేయి కలుపుదాం.

ఆ పెద్దాయనకు నేను ఒక జవాబు బాకీ ఉన్నాను. బాబూ, పట్నంవారికి చెప్పవలసినవారిలో మొదటివాడిని నేనే. నా గదిలో దీపం ఆర్పి మరీ ఈ వారం చెబుతున్నాను.

కనిపించే పొరుగువానినీ, కనిపించని పొరుగువానినీ ఒకే ప్రేమతో చూచే మనస్సును సర్వేశ్వరుడు మనకు అనుగ్రహించునుగాక!