విశ్రాంతి ఎవరిది?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 5:12-15; లూకా 14:12-14; లూకా 16:19-31



పట్టణమునందు ఉద్యోగము చేయుచున్న యౌవనస్థుడొకడు సెలవులకు వచ్చి మమ్మును ఇట్లడిగెను: “అయ్యగారూ, నేను ఒక విమానము దిగి మరియొక విమానము ఎక్కుటకు తొమ్మిది గంటలు ఆగవలసి వచ్చినది. బ్యాంకు కార్డు చూపినందున నన్ను లౌంజిలోనికి రానిచ్చిరి. మెత్తని కుర్చీ, వేడి భోజనము, స్నానపు గది అన్నియు అక్కడ నున్నవి. వెలుపల మన జిల్లా మనుష్యులే సంచులు తలక్రింద పెట్టుకొని నేలమీద పండుకొని యున్నారు. నేను లోపల కూర్చుండుట తప్పా?” తప్పనియో తప్పు కాదనియో ఒక్క మాట చెప్పి పంపివేయుట సులభమే. అయితే అతని మనస్సులోని భారము అట్లే మిగిలిపోవును. మన బిడ్డలు అనేకులు ఈనాడు దూరదేశములకు పోవుచు వచ్చుచున్నారు గనుక ఈ సంగతిని సంఘమంతయు కలిసి ఆలోచించుట మేలని తలంచితిమి.

విమానాశ్రయము చూడని చదువరులకొరకు లౌంజి యనగా ఏమో ముందు చెప్పుదుము. రైలు స్టేషనులలో పై తరగతి టికెట్టు గలవారికి వేరుగా వెయిటింగు రూము ఉండుట మన మెరిగినదే. లౌంజియు అట్టిదే, అయితే దానికంటె ఎంతో వసతి గలది. 1939వ సంవత్సరమున అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు న్యూయార్కులోని లగార్డియా విమానాశ్రయములో ‘అడ్మిరల్స్ క్లబ్బు’ అను పేరుతో ఇట్టి గదిని తెరచిరి. మొదట ఆ కంపెనీవారు గౌరవింపదలచి పిలిచినవారికే అందులో ప్రవేశముండెను. తరువాత రుసుము చెల్లించినవారికి ద్వారము తెరచిరి. 1992లో ‘ప్రయారిటీ పాస్’ అను సంస్థ బయలుదేరి, ఏ విమానమున వెళ్లువారైనను ఒక్క కార్డుతో అనేక లౌంజిలలో ప్రవేశించు ఏర్పాటు చేసెను. మన దేశములో బ్యాంకు కార్డుల మూలముగా ఈ వసతి మధ్య తరగతివారికిని అందినది. కొన్ని కార్డులకు ప్రవేశమునకు 2 రూపాయలు మాత్రమే పట్టిన రోజులున్నవి. కాబట్టి ఇది ఇక కోటీశ్వరుల ప్రశ్న కాదు. మన సంఘములో పెరిగి ఉద్యోగమునకు వెళ్లిన పిల్లల ప్రశ్న.

విమానాశ్రయములో ఎక్కువ సేపు ఆగవలసినవారెవరు? నడుమ ఎక్కడను దిగకుండ నేరుగా పోవు విమానమునకు సాధారణముగా వెల ఎక్కువ. దోహా, దుబాయి, మస్కటు వంటి చోట్ల దిగి, ఆరు గంటలో పది గంటలో ఆగి, మరియొకటి ఎక్కు టికెట్టు అనేక మారులు చవుకగా దొరకును. డబ్బున్నవాడు నేరుగా పోవును, లేదా కొద్ది సేపే ఆగును. ఆగినంత సేపును అతనికి లౌంజి కలదు. అప్పుచేసి గల్ఫునకు పోవు కూలివాడును, కుమార్తె పురిటికని ఒంటరిగా అమెరికాకు బయలుదేరిన తల్లియు చవుక టికెట్టుమీద గంటల తరబడి ఆగుదురు. వారికి కుర్చీ దొరికిన భాగ్యమే. అనగా ఎవరు ఎక్కువ సేపు ఆగవలెనో వారికే ఆగుటకు చోటు లేదు. ఎవరికి విశ్రాంతి ఎక్కువ అవసరమో వారే తలుపునకు వెలుపల నున్నారు. ఆ యౌవనస్థుని మనస్సును కలవరపెట్టినది ఇదే. అతని కలవరము న్యాయమైనదని మేము తలంచుచున్నాము.

అయినను విశ్రాంతి పాపమని మేము చెప్పము. విశ్రాంతి దేవుని దానము. ఏలీయా ప్రాణము విసిగి అరణ్యములో ఒక చెట్టుక్రింద పండుకొన్నప్పుడు దేవుడు అతనిని గద్దింపలేదు. దూతను పంపి రొట్టెయు నీళ్లును ఇచ్చి మరల నిద్రపోనిచ్చెను. మన ప్రభువు ప్రయాణముచేత అలసి సమరయలో బావియొద్ద కూర్చుండెను. శిష్యులు తినుటకైనను తీరిక లేక యున్నప్పుడు వారిని ఏకాంత స్థలమునకు పిలిచెను. దోనెలో తలగడమీద తల వాల్చి నిద్రించెను. కాబట్టి అలసిన ప్రయాణికుడు లౌంజిలో కూర్చుండి తిని పండుకొనుట తప్పు కాదు. లోపలికి పోగలిగియు, తాను భక్తిపరుడనని నలుగురు చూచుటకై నేలమీద కూర్చుండువానికి దేవునియొద్ద ఏ ఫలమును లేదు. వాని మూలముగా వెలుపలనున్న ఒక్కనికైనను నిద్ర పట్టదు.

అయితే దేవుడు విశ్రాంతిని ఎవరికి ఇచ్చెనో చూడుడి. నిర్గమకాండము 20వ అధ్యాయములో విశ్రాంతి దినమునకు కారణము సృష్టి. దేవుడు ఏడవ దినమున విశ్రమించెను గనుక మనమును విశ్రమింపవలెను. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో మోషే మరియొక కారణము చెప్పుచున్నాడు. దాసుడును దాసియు యజమానునితో సమానముగా విశ్రమింపవలెనట. గుమ్మములలోపలనున్న పరదేశికిని, ఎద్దునకును, గాడిదకును ఆ విశ్రాంతి కలదట. ఏలయనగా ఇశ్రాయేలీయులు ఐగుప్తులో విశ్రాంతి లేని దాసులై యుండిరి. ఆ సంగతి వారు మరువరాదు. యజమానునికి విశ్రాంతి దినమిమ్మని ఆజ్ఞాపింపనక్కరలేదు, అతడు తలచినప్పుడెల్ల విశ్రమింపగలడు. తనంతట తాను విశ్రమింప శక్తిలేని వానికొరకే ఈ ఆజ్ఞ ముఖ్యముగా ఇయ్యబడినది. లోకము విశ్రాంతికి వెల కట్టును. దేవుని ధర్మశాస్త్రము అలసటను చూచును.

“నా కార్డు, నా సొమ్ము, నా కష్టము, ఇందులో ఇతరులకేమి?” అని కొందరు అడుగవచ్చును. కష్టార్జితమును మేము తక్కువ చేయము. అయితే లౌంజిలో ఉచితమనునది నిజముగా ఉచితము కాదు. ఒక్కొక్క ప్రవేశమునకు కార్డు ఇచ్చిన బ్యాంకో కార్డు సంస్థయో సొమ్ము చెల్లించుచునే యుండును. ఇటీవలి సంవత్సరములలో పలు బ్యాంకులు, గడచిన మూడు నెలలలో ఇంత మొత్తము ఖర్చుపెట్టినవారికే ప్రవేశమని నియమము పెట్టినవి. పూట భోజనముకొరకు అక్కరలేని వస్తువులు కొని అప్పు తెచ్చుకొనుట విశ్రాంతి కాదు, అది మెడకు కాడి. మరియు ఆ గదిలో పళ్లెములు తీయువారిని, స్నానపు గదులు కడుగువారిని చూడుడి. గల్ఫు దేశములలో వారు తరచుగా మనవంటి దేశములనుండి వెళ్లినవారే. వారిలో మన తెలుగువారును ఉందురు. విశ్రాంతి దినపు ఆజ్ఞలోని దాసుడును పరదేశియు మనకు కాఫీ తెచ్చి యిచ్చుచున్నారు. వారి ముఖము చూచి, వందనములు చెప్పి, తినగలిగినంతయే వడ్డించుకొని, పళ్లెములో పారవేయకుండుట లోపలికి వెళ్లిన విశ్వాసి మొదటి విధి.

ధనవంతుడు, లాజరుల సంగతి మనకు కంఠపాఠమే. ఆ ధనవంతుడు లాజరును కొట్టెననిగాని, అతని సొత్తు దోచుకొనెననిగాని ప్రభువు చెప్పలేదు. ఇతడు లోపల ప్రతిదినము సుఖపడుచుండెను, అతడు వాకిట పడియుండెను; చెప్పినది ఇంతే. వాకిలి ఎప్పుడును తాళము వేసి యుండలేదు. ఏ దినమైనను ధనవంతుడు లేచి నాలుగడుగులు వేసి దానిని దాటియుండవచ్చును. దాటలేదు. కడకు అదే దాట శక్యముకాని అగాధమాయెను. లౌంజిలో మనకు కలుగు శోధనయు మెత్తని కుర్చీ వలన వచ్చునది కాదు. అద్దపు తలుపు మూసికొనగానే వెలుపలివారు మన కన్నులకు కనబడక పోవుదురు. కొంత సేపటికి మనము అందుకు అర్హులమనియు, వారు అందుకే తగినవారనియు తోచును. ఆ తలంపు పుట్టిన గడియనుండి ఆ గది మనకు అపాయకరము.

పూర్వులు ప్రయాణికుని వేరే విధముగా చూచిరి. నాల్గవ శతాబ్దములో కైసరయ బిషప్పైన బాసిలు పట్టణము వెలుపల రోగులకును, బీదలకును, పరదేశులకును పెద్ద ఆశ్రయ స్థలము కట్టించెను. మన గోదావరి లంకలలో లంకల గన్నవరము గ్రామమున డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి పాయలు దాటి వచ్చు బాటసారులకు వేళ గాని వేళనైనను అన్నము వండిపెట్టెను. ఆమె మన సంఘస్థురాలు కాదు. అయినను మంచి సమరయుని కథ చదువు మనము ఆమెను గూర్చి వినినప్పుడు సిగ్గుపడి నేర్చుకొనవలెను. వచ్చినవాడు ఏ తరగతి ప్రయాణికుడని ఆమె అడుగలేదు, ఆకలి గలవాడా అని చూచెను. 1951లో బోస్టను విమానాశ్రయమున కట్టబడిన ప్రార్థన మందిరము అక్కడ పనిచేయు సామాన్యులకొరకే కట్టబడినది. ప్రయాణ స్థలములో ఎవరిని ముందు తలంచవలెనో వీరందరును ఎరిగియుండిరి.

ఇక లోపల కూర్చుండిన విశ్వాసి ఏమి చేయవలెను? విందు చేయునప్పుడు తిరిగి పిలువగల స్నేహితులను, ధనవంతులను కాక, తిరిగి ఇయ్యలేని వారిని పిలువుమని ప్రభువు సెలవిచ్చెను. కొన్ని కార్డులమీద ఒక అతిథిని ఉచితముగానో రుసుముతోనో వెంట తీసికొనిపోవు వీలు కలదు. మనము ఆ వీలును మిత్రునికొరకో మన కంపెనీ పెద్దకొరకో దాచుకొందుము. వెలుపల చంటిబిడ్డతో కూర్చున్న తల్లిని, కాళ్లు వాచిన వృద్ధుని, “అమ్మా, లోపలికి రండి; తాతగారూ, కొంత సేపు పండుకొనండి” అని ఎందుకు పిలువరాదు? లౌంజివారి నియమమునకు లోబడియే పిలువుడి, వారు కాదన్నచో వాదింపకుడి. ఒక జాగ్రత్త అవసరము: ఎరుగనివారి సంచిని మాత్రము మీరు మోయవద్దు, ఎవరి సామాను వారియొద్దనే యుండవలెను. అతిథికి వీలు లేనప్పుడును చేయదగిన పని కలదు. గంటకొకసారి లేచి వెలుపలికి రండి. ఇంగ్లీషు చదువలేని వానికి అతని విమానము ఏ గేటునకు వచ్చునో చూచి చెప్పుడి. ఫోనులో చార్జి లేనివానిని ఇంటికి మాటలాడనియ్యుడి. నిద్ర ముంచుకొచ్చిన వానితో “నీ వేళకు నేను లేపెదను, పండుకో” అనుడి. విమానము తప్పిపోవునను భయముతో రాత్రియంతయు కన్ను మూయని వానికి ఆ మాటయే పరుపు. మన ప్రభువు దోనెలో నిద్రించెను, అయితే మొఱ్ఱపెట్టగానే లేచెను. విశ్వాసి నిద్రయు అట్టిదై యుండవలెను.

ఇది ఒక్కొక్కరి దయతో మాత్రమే తీరునది కాదు. మన దేశములో విమానము మిక్కిలి ఆలస్యమైనచో కంపెనీవారు ప్రయాణికులకు ఆహారమియ్యవలెనను నియమము 2010 నుండి కలదు. అయితే టికెట్టులోనే వ్రాయబడిన దీర్ఘ నిరీక్షణకు అది వర్తింపదు. 2014లో దోహాలో తెరువబడిన హమద్ విమానాశ్రయమున సామాన్య ప్రయాణికులును వాలుటకు నిశ్శబ్దపు గదులున్నవి. 2024 డిసెంబరులో కలకత్తా విమానాశ్రయమున టీ 10 రూపాయలకు అమ్ము ప్రభుత్వ కాఫీశాల తెరువబడెను. చేయదలచిన చేయవచ్చునని వీటివలన తెలియుచున్నది. మనలో చదువుకొన్నవారు, ఆ శాఖలలో పనిచేయువారు, మంచినీరు, వాలుటకు బల్ల, చవుక ఆహారము అందరికి కలుగునట్లు అడుగవలెను. లోపల కూర్చున్నవాని మాటకు బయట కూర్చున్నవాని మాటకంటె విలువ ఎక్కువ గదా! ఆ విలువను తనకొరకే వాడుకొనరాదు.

కడపట మన వాకిటిని మనము చూచుకొందము. ఆరాధనకు విదేశమునుండి వచ్చినవాడు ప్రవేశింపగానే ముందు వరుసలో కుర్చీ వేయుదుము. పొలము పనినుండి ఆలస్యముగా వచ్చిన విధవరాలు చాపకూడ దొరకక గోడనానుకొని నిలుచుండును. యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో గద్దించినది దీనినే. దేవుని మందిరములోనే మనము లౌంజి కట్టినయెడల విమానాశ్రయములోని దానిని తప్పుపట్టుటకు మనకు నోరేది? వచ్చే ఆదివారమున ఆమెను పిలిచి ముందు కూర్చుండబెట్టుడి. ఆ కుర్చీ విడిచిన సహోదరుడు నష్టపడడు.

దేవుని ప్రజలకు విశ్రాంతి నిలిచియున్నదని హెబ్రీ పత్రిక 4వ అధ్యాయము మనకు బోధించుచున్నది. అందులో ప్రవేశించుటకు ద్వారము క్రీస్తే. ఆయన కార్డు అడుగలేదు, మన యోగ్యతను లెక్కింపలేదు. ప్రయాసపడి భారము మోయువారిని తనయొద్దకు పిలిచెను. మనమందరము ఆయన అతిథులముగానే లోపలికి వచ్చితిమి.

ప్రార్థన: అలసినవారికి విశ్రాంతినిచ్చు తండ్రీ, దూరదేశములలో దారిమధ్య ఆగియున్న మా బిడ్డలను నేటి రాత్రి కాపాడుము. నీవు మాకిచ్చిన విశ్రాంతిని కృతజ్ఞతతో అనుభవించి, వెలుపలనున్నవారిని మరువకుండునట్లు మా కన్నులు తెరువుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.