బరువెక్కిన చేతులు



నిర్గమకాండము 17వ అధ్యాయము తెరచి చూడుడి. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధము జరుగుచుండగా మోషే కొండమీద చేతులెత్తి నిలిచెను. ఆయన విశ్వాసములో బలహీనుడని ఎవరనగలరు? అయినను సాయంకాలము కాకముందే ఆయన చేతులు సోలిపోయెను. అహరోను, హూరు చెరియొక ప్రక్కను చేరి, ప్రొద్దు గ్రుంకువరకు వాటిని ఎత్తి పట్టుకొనిరి.

మన చింతలపూడి ప్రాంతపు మామిడి తోటలవారికి ఈ బరువు తెలియును. చెట్టునిండ కాయ నిలిచిన వేళ ఒక్క రాత్రి ఈదురుగాలి వీచినచో, తెల్లవారుసరికి కౌలు సొమ్ము నేలరాలియుండును. గుండె దడదడలాడును, నిద్ర పట్టదు. మూత్రపిండములపైనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను రక్తములోనికి విడుచును. పాము కనబడినప్పుడు తప్పించుకొనుటకు ఇది దేవుడిచ్చిన సాయమే. కాని నెలల తరబడి అట్లే యుండినచో రక్తపుపోటు పెరుగును, రోగమును ఎదిరించు శక్తి సన్నగిల్లును.

2006లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు 16 మంది వివాహిత స్త్రీల మెదడును యంత్రముతో పరీక్షించిరి. విద్యుత్తు దెబ్బ తగులునేమోయని వారు భయపడుచుండగా, భర్త చేయి పట్టుకొన్నప్పుడు మెదడులోని కలవరము తగ్గెను. పరాయివాని చేయియు కొంత మేలు చేసెను. సఖ్యతగల ఇంట భర్త చేయి మరి ఎక్కువ మేలు చేసెను. 2005లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 42 జంటలను చూడగా, ద్వేషముతో మాటలాడుకొను దంపతుల చేతిమీది చిన్న గాయములు ఆలస్యముగా మానెను.

గాలివాన తరువాత ఒక ఇంటికి వెళ్లి, పెద్ద ప్రార్థన చేసి, త్వరగా లేచివచ్చితిని. పొరుగింటి అవ్వ మాత్రము ఏమియు బోధింపక, ఆ ఇల్లాలి చేయి పట్టుకొని ప్రొద్దుపోవువరకు అరుగుమీదనే కూర్చుండెను. ఆ దినమున హూరు వలె నిలిచినది ఆమెయే, నేను కాను.

కాబట్టి జబ్బుపడినవారు మందులు మానవద్దు, వైద్యునియొద్దకు వెళ్లుడి. అయితే వారిని ఒంటరిగా వెళ్లనీయకుడి. గట్టు తగాదాతో మాటలు మానిన అన్నదమ్ములారా, మీ పగ మీ దేహములనే తినివేయుచున్నది. ప్రభువు బల్లయొద్దకు రాకముందే, ఈ వారములోనే, మీ సహోదరుని గడప త్రొక్కుడి. మొదటి మాట మీదే కానిండు.

ప్రభువు మన సోలిన చేతులను బలపరచి, మనలను ఒకరికొకరిని ఆసరాగా నిలుపును గాక. ఆమేన్.