కాదనకపోతే ఔనన్నట్లేనా?

మనం కాదనకపోతే ఔనన్నట్లేనా? 1998లో ఐస్‌లాండ్ పార్లమెంటు అలాగే తలచింది. దేశ ప్రజల వైద్య వివరాలను ఒకచోట చేర్చి, వంశావళితోను జన్యు వివరాలతోను జోడించి పరిశోధించేందుకు చట్టం చేసింది. వద్దని వ్రాసి ఇవ్వనివారంతా సమ్మతించినట్లే!

ఒక అమ్మాయి, మరణించిన తన తండ్రి వివరాలు చేర్చవద్దని కోరగా అధికారులు నిరాకరించారు. 2003లో అక్కడి సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పునిచ్చింది. తండ్రి వివరాలనుండి కుమార్తె వారసత్వ లక్షణాలు కూడ బయటపడవచ్చునన్నది.

పరిశోధన అవసరమే. రేపటి రోగికి మందు అందులోనుండే రావచ్చు. అయితే అడిగితే ఇచ్చినది దానం. అడగకుండ తీసుకొన్నది దానం కాదు. అటువంటి పత్రంపై సంతకం చేసేముందు, ఎందుకు, ఎవరికోసం అని అడగండి. ఇంటిలోనివారితోను మాట్లాడండి. జన్యువులు మీ ఒక్కరివే కావు. మీ తోబుట్టువులవి, బిడ్డలవి కూడ.